కొలువుకూటము కళాశాలయైన కథ

హైదరాబాదు నగరమున కోఠీ అను పేరు వినని వారుండరు. బస్సులకును, పాత పుస్తకముల అంగళ్లకును, సుల్తాను బజారు సందడికిని అది గురుతు. కాని కోఠీ యనగా పెద్ద భవనమని అర్థమనియు, ఆ ప్రాంతమునకంతకు పేరిచ్చిన భవనము నేటికిని ఒక ప్రహరిగోడ వెనుక నిలిచియున్నదనియు ఎరిగినవారు కొలదిమందియే. అదియే పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ. ఎత్తైన స్తంభములు, విశాలమైన సోపానములు, వాని కిరువైపుల సింహప్రతిమలు, ముఖభాగమున పైని ఈస్టిండియా కంపెనీ చిహ్నము గల ఆ సౌధము ఒకప్పుడు ఒక రాజ్యము నడకను శాసించినది. 1949లో అది ఆడపిల్లల కళాశాల అయినది.

పాత భవనములలో కళాశాలలు నడచుట ఈ దేశమున వింత కాదు. కొత్త కట్టడమునకు ధనము చాలనప్పుడు, ఖాళీగా ఉన్న దివాణమునో దొరల బంగళానో చూచి అందు బల్లలు వేయుట పరిపాటి. అందుచేత ఇది వసతికి సంబంధించిన విషయము మాత్రమేయని పలువురు తలతురు. అది పొరపాటు. ఒక కట్టడమును ఎవరు ఎవరికొరకు కట్టిరో అది దాని చరిత్రలో మొదటి భాగము. తరువాత అది ఎవరి చేతికి వచ్చినదో, వారు దానిని ఏమి చేసికొనిరో అది రెండవ భాగము. రెసిడెన్సీ విషయమున రెండవ భాగమే మొదటిదానికంటె గొప్పది. గోడలను బాగుచేసి విద్యార్థినులను వానికి దూరము చేసినచో, చరిత్రను కాపాడితిమను పేరుతో అందు మంచి సగమును చెరిపినట్లగును.

మొదటి భాగమును ముందు చూడవలెను. 1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. కంపెనీ సైన్యము నిజాము ఖర్చుతో హైదరాబాదునందు నిలిచినది. ఆనాటి రెసిడెంటు జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు. ఆ సైన్యపు వ్యయమునకు బదులుగా 1800లో బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కంపెనీకి వదలుకొనెను. ఆ సంధిని నడపినవాడును కిర్కుపాట్రికే. ఆ సీమలకే దత్తమండలములని పేరు వచ్చినది. 1928లో ఆ పేరు పోయి రాయలసీమ యను పేరు నిలిచినది. తెలుగువారు ఒక వంక నిజాము ఏలుబడిలోను, మరియొక వంక మద్రాసు ప్రభుత్వము క్రిందను విడివిడిగా బ్రతుకుటకు గల కారణములలో ఆ కాగితమొకటి. కావున కోఠీలోని ఆ సౌధపు కథ హైదరాబాదు వారికి మాత్రమే చెందినది కాదు. కడప బడిలో చదువు బాలునికిని అందు పాలు కలదు.

కిర్కుపాట్రికు తన పదవికి తగిన భవనము కావలెనని మూసీనదికి ఉత్తరపు గట్టున చోటు కోరెను. ఇందును గూర్చి ఒక కథ ప్రచారమున ఉన్నది. భవనపు పటమును పెద్ద కాగితముపై గీయించి చూపగా నిజాము ఒల్లననెనట. మంత్రియైన మీరు ఆలము నవ్వి, రాజ్యపటమంత కాగితమును చూచి ప్రభువు జంకెననియు, చిన్న కాగితముపై గీసి చూపవలసినదనియు సలహా చెప్పెనట. అట్లు చేయగనే అనుమతి లభించినదట. కథ ఎంతవరకు నిజమైనను అందొక నీతి ఉన్నది: కాగితము చిన్నదైనంత మాత్రమున ఆక్రమించిన నేల చిన్నది కాలేదు. మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూలు రస్సెలు ఆ భవనమును రూపొందించెను. సొమ్ము నిజాముది. నిజాము ఖజానాకు వచ్చు సొమ్ము రైతు చెల్లించిన శిస్తు. ఈ సంగతి తరువాత మరల అక్కరకు వచ్చును.

కిర్కుపాట్రికు హైదరాబాదు ఉన్నత కుటుంబమునకు చెందిన ఖైరున్నీసాను వివాహమాడెను. ఆమె కొరకు రెసిడెన్సీ ఆవరణమున రంగమహలు అను అంతఃపురమును కట్టించెను. ఆమె ఘోషా పాటించునది. భవనపు ముందుభాగమునకు వచ్చి చూచుటకు ఆమెకు వీలు లేనందున, దాని రూపమునే చిన్నదిగా అంతఃపురపు తోటలో కట్టించెనని చెప్పుదురు. రంగమహలు తరువాతి కాలమున కూల్చబడినది. ఆ చిన్న నమూనా మాత్రము మిగిలినది. కిర్కుపాట్రికు 1805లో కలకత్తాలో మరణించెను. తాను తలపెట్టిన సౌధమున చిరకాలము నివసించు భాగ్యము అతనికి లేకపోయెను. ఈ ప్రణయగాథ 2002లో విలియం డాల్రింపులు వ్రాసిన వైట్ మొఘల్స్ అను గ్రంథము మూలమున లోకమంతట ప్రసిద్ధమైనది. చూడవచ్చిన వారు తరచుగా దానినే అడుగుదురు. దానితో ఇతర సంగతులు మరుగున పడుచున్నవి.

మరుగున పడరాని దినమొకటి 1857 జులై 17. ఆనాడు తుర్రేబాజు ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రోహిల్లాలు మొదలగువారు రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫలమైనది. మౌల్వీని అండమాను దీవులకు పంపిరి. తుర్రేబాజు ఖాను చెరనుండి తప్పించుకొని పోయెను గాని, 1859లో చంపబడెను. అటుపై రెసిడెన్సీ చుట్టును గోడలను, కావలిని బలపరచిరి. నేడు బాటసారి కంటికి లోపలి భవనమును కనపడనీయని ప్రహరి వెనుక ఆనాటి భయము కూడ ఉన్నది. ఢిల్లీ, మీరటు, ఝాన్సీ పేర్లను వల్లించు విద్యార్థికి, తన ఊరి బస్సు ఆగుచోటనే 1857 జరిగినదని చెప్పు ఉపాధ్యాయుడు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

భవనము చుట్టును ఏర్పడిన రెసిడెన్సీ బజారులు బ్రిటిషువారి అధికారమున ఉండెడివి. 1933లో అవి నిజామునకు తిరిగి వచ్చి సుల్తాను బజారు అను పేరు పొందినవి. ఆ సుల్తాను బజారునందే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఉన్నది. 1901లో ఆ గ్రంథాలయము పుట్టుటతో నిజాము రాష్ట్రమున తెలుగు మేల్కొన్నదని పెద్దలందురు. దొరల కోఠీకి కూతవేటు దూరమున తెలుగు పుస్తకమునకొక గూడు అమరుట గమనింపదగినది.

ఇక రెండవ భాగము. 1947లో దేశము స్వతంత్రమైనది. రెసిడెంట్ల కాలము ముగిసినది. 1948 సెప్టెంబరున హైదరాబాదు భారతదేశమున చేరినది. మరుసటి సంవత్సరమే, 1924లో స్థాపింపబడి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందియున్న మహిళా కళాశాల ఈ ఆవరణమునకు వచ్చినది. సంధిపత్రములు చదివిన గదులలో పాఠములు చదివిరి. ఎవరి రాకకై ద్వారపాలకులు కనిపెట్టుకొని ఉండెడివారో ఆ మెట్లపై పుస్తకములు గుండెలకు హత్తుకొని ఆడపిల్లలు ఎక్కిరి. ఒక స్త్రీ ఆ భవనపు ముఖమును తోటలోని బొమ్మకట్టడమునందే చూడవలసి వచ్చెననుట నిజమైనచో, నూటయేబది సంవత్సరములు తిరుగక మునుపే వేలాది స్త్రీలు ఆ ముఖద్వారముననే లోనికి నడచిరనుట అంతకంటె గొప్ప నిజము. ఈ మార్పునకు ఫిరంగులు కావలసిరాలేదు, హాజరుపట్టీ చాలినది.

ఇంత గొప్ప మార్పును చూచినది గనుక ఆ భవనమునకు తగిన పోషణ జరిగినదని తలంపరాదు. పాతకాలపు కట్టడములు ఇటుకకును, సున్నమునకును పుట్టినవి. సున్నపు పూత తడిని కొంత పీల్చి, ఎండ కాయగనే విడిచిపెట్టును. దానిపై సిమెంటు మెత్తినచో లోనికి చేరిన తడి వెలికి రాలేక ఇటుకను తినివేయును. కప్పుమీది తూములు పూడినచో వాననీరు దూలములకు దిగును. దిగిన చోట చెద చేరును. గోడ చీలికలో రావిమొక్క ఒకటి మొలచినచో, మొదటి ఏడు చేతితో పెరికివేయవచ్చును. పదియవ ఏడు గోడనే విప్పవలెను. కళాశాలకు లభించు ధనము జీతములకును, ప్రయోగశాలలకును చాలుటయే కష్టము. రెండువందల ఏండ్ల భవనమును కాపాడుట అధ్యాపకుల పని కాదు. కళాశాలకు అట్టి భవనమును అప్పగించినవారు దాని పోషణకు వేరుగ ధనమును కూడ అప్పగింపవలసియుండెను. అట్లు జరుగనందున సౌధము క్రమముగ శిథిలమైనది. తరగతులను అందుండి తరలింపవలసి వచ్చినది. 2002లో ప్రపంచ కట్టడముల నిధి అను అంతర్జాతీయ సంస్థ తన అపాయస్థితి పట్టికలో దీనిని చేర్చినది. ఆ సంస్థ తోడ్పాటుతో చాల యేండ్లు సాగిన పునరుద్ధరణ ప్రధానభవనమునకు మరల కళ తెచ్చినది; 2023లో అది ప్రజలకు చూపబడినది.

బాగుపడిన భవనమును ఏమి చేయవలెనన్నది ఇప్పటి ప్రశ్న. విద్యార్థులు చేరినచో గోడలు మాయును, మెట్లు అరుగును, కావున తాళము వేసి సందర్శకులకు చూపుటయే మేలని కొందరందురు. వారి భయము నిరాధారము కాదు. కాని తాళము వేసిన ఇంటిలో కారు చినుకును మొదట చూచువారెవరు? మనుష్యసంచారము లేని ఇల్లు త్వరగా పాడగునని పల్లెలోని ముసలమ్మకు కూడ తెలియును. మరికొందరు, పరాయివాని దర్పమునకు గురుతైన మేడకు ఇంత ఖర్చేలయని అడుగుదురు. వారికి సమాధానము ముందే వచ్చినది: ఆ మేడ రైతు శిస్తుతో లేచినది, ఈ నేల కూలీలు ఇటుకలు మోసిరి. తమ సొమ్మును తాము విడిచిపెట్టుట దేశభక్తి కాజాలదు.

మదరాసులోని క్వీన్ మేరీస్ కళాశాల కథ ఇందుకు రెండు వైపులను చూపును. అది 1914లో సముద్రతీరమున కాపరు హౌసు అను పాత భవనమున మొదలైనది. 2003లో ప్రభుత్వము ఆ చోట సచివాలయమును కట్టదలచగా విద్యార్థినులు కదలక ఎదిరించిరి. ఆ యత్నము ఆగినది. విద్యార్థినులు ఉండుటచేతనే కళాశాల నేల దక్కినది. అయినను కాపరు హౌసు దక్కలేదు. అది శిథిలమై పోగా కొత్త భవనము లేచినది. వాడుక ఉన్నచో స్థలము నిలుచును. వాడుకతోపాటు పోషణ ఉన్నప్పుడే కట్టడము నిలుచునని దీనివలన తెలియుచున్నది. హైదరాబాదులోనే 1887లో ఏర్పడిన నిజాము కళాశాల ఫక్రుల్‌ముల్కు అను ప్రభువు భవనమున నడచుచు ఈ రెంటిని గూర్చియు నేటికిని తలపోయవలసిన స్థితిలో ఉన్నది.

మధ్యేమార్గము కష్టమైనది కాదు. రెసిడెన్సీలో నిత్యము వందల బల్లలు వేయనక్కరలేదు. వారమునకొక చరిత్రోపన్యాసమో, సాహిత్యసభయో ఆ దర్బారు మందిరముననే జరుగవచ్చును. ఒక గదిలో ఆ భవనపు కథను తెలుగున, ఉర్దూలో వ్రాసియుంచవచ్చును. అందు కిర్కుపాట్రికుతోపాటు తుర్రేబాజు ఖానునకును, 1949లో మెట్లెక్కిన విద్యార్థినులకును చోటుండవలెను. సందర్శకులకు భవనమును చూపు పనిని చరిత్ర చదువు విద్యార్థినులకే, తగిన శిక్షణతోను వేతనముతోను అప్పగింపవచ్చును. ఏటేట వానకాలమునకు ముందు కప్పును, తూములను, గోడలలోని మొలకలను పరీక్షించి ఒక పుస్తకమున వ్రాయించుట ఖర్చులేని పని. లక్షల ఖర్చును తప్పించు పని.

ఇది ఒక్క రెసిడెన్సీకి చెల్లు మాట కాదు. ఆంధ్ర, తెలంగాణములలో ఎన్నో బడులు పాత గడీలలోను, దివాణములలోను, కచేరీలలోను నడచినవి, కొన్ని నడచుచున్నవి. అట్టి బడిలోని ఉపాధ్యాయుడు ఒక దినము పాఠ్యపుస్తకమును మూసి, పిల్లలను గోడ దగ్గరకు తీసికొనిపోవచ్చును. ఈ ఇల్లెవరిది? ఏ పనికి కట్టిరి? ఇందు మొదట చదివినవారెవరు? ద్వారముపైని చెక్కిన సంవత్సరమేది? ఊరి పెద్దలలో దీనిని గూర్చి ఎవరికి తెలియును? ఈ ప్రశ్నలకు జవాబులను వెదకి వ్రాసిన పిల్లవానికి చరిత్ర యనగా ఇతరుల ఊరిలో జరిగిన సంగతి కాదని తెలియును.

కోఠీ కళాశాల 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఐలమ్మ పాలకుర్తికి చెందిన రైతుమహిళ. తాను పండించిన పంటను విసునూరు దేశముఖునకు దక్కనీయక నిలిచిన మనిషి. కంపెనీ చిహ్నము పైని అట్లే ఉన్నది; దానిని చెరుపనక్కరలేదు. ద్వారమున ఐలమ్మ పేరున్నది. ఆ రెంటిని ఒక్క చూపున చదివి, ఒకటి మరియొకటిగా ఎట్లు మారినదో చెప్పగల విద్యార్థిని ఆ మెట్లపై ఉన్నంతకాలము ఆ భవనము బ్రతికియుండును.