దూరం తగ్గితే చాలదు

జైపూర్ నుంచి విశాఖపట్నానికి ఆకాశంలో గీత గీస్తే సుమారు 150 కిలోమీటర్లు. రోడ్డు మీద సుమారు 220. కొరాపుట్ దాటి, సుంకి ఘాట్ దిగి, సాలూరు, విజయనగరం మీదుగా చేరడానికి ఐదారు గంటలు. ఘాట్‌లో లారీ ఆగిపోతే ఇక చెప్పనక్కర్లేదు. అరకు మీదుగా వెళ్లే కిరండోల్ పాసింజరైతే దాదాపు ఏడు గంటలు.

తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానానికి ఇది ముప్పావు గంట ప్రయాణం. ఉడాన్ పథకం కింద 2022 అక్టోబరు 31న భువనేశ్వర్ నుంచి జైపూర్‌కు విమానం మొదలైంది. తర్వాత విశాఖనూ కలిపారు. ఇక్కడి తెలుగువారికి అసలు అవసరం ఈ రెండోదే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జైపూర్, కొరాపుట్ విశాఖ జిల్లాలోనివే. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆదుకున్న విక్రమదేవ వర్మ జైపూర్ మహారాజే. కొరాపుట్‌లో 2017లో వైద్య కళాశాల వచ్చినా, పెద్ద జబ్బు చేస్తే నేటికీ చాలామంది చూపు విశాఖ వైపే.

అయితే గాలిలో గడిచే సమయం ఒక్కటే ప్రయాణం కాదు. విమానాశ్రయానికి గంట ముందు చేరాలి. దిగాక ఆస్పత్రికి మరో ఆటో. ఇవన్నీ కలిపినా రెండున్నర, మూడు గంటల్లో పని అయిపోతుంది. చిక్కల్లా విమానం వస్తుందో రాదో తెలియకపోవడంతోనే. కొండల మీద పొగమంచు, వానమబ్బు కమ్మితే చిన్న విమానం దిగలేదు. సర్వీసు రద్దయిన రోజు రోగి మళ్లీ ఘాట్ రోడ్డే పట్టాలి. అప్పటికే సగం పూట పోయి ఉంటుంది.

డబ్బు సంగతీ ఉంది. ఉడాన్‌లో కంపెనీలకు నష్టం పూడ్చే సాయం ఒక్కో రూటుకు మూడేళ్లే. తొమ్మిది సీట్ల టిక్కెట్లతో కంపెనీ గట్టెక్కడం కష్టం. సాయం ఆగితే సర్వీసు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాలు చెరికొంత భరించి ఈ రూటును నిలబెట్టాలి. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా వేళలు పెట్టాలి. రద్దయితే ముందురోజే ఫోన్‌కు కబురు పంపాలి. వాతావరణం అప్పటికప్పుడు మారితే, అక్కడి నుంచే విశాఖకు బస్సు సిద్ధంగా ఉంచాలి.

విమానం పేరు చెప్పి రోడ్డును మరవకూడదు. సాలూరు వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి నాతవలస దగ్గర కోల్‌కతా హైవేలో కలుస్తుంది. భోగాపురం విమానాశ్రయం అక్కడికి దగ్గరే. విశాఖ విమానాలకు అదే కేంద్రమైతే జైపూర్ వాసులకు రోడ్డు దూరం కొంత తగ్గుతుంది. అప్పుడు సుంకి ఘాట్ బాగుంటేనే ఆ మేలు దక్కుతుంది.

తొమ్మిది మందికి సమయం మిగిల్చినా మంచిదే. మిగతా వేలాది మంది ఆ ఘాట్ మీదే వెళ్తున్నారన్న సంగతి రెండు రాష్ట్రాల పాలకులూ గుర్తుంచుకోవాలి.