సర్కారు తుమ్మను ఎవరు పీకాలి?

మొన్న వేసవి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా నాయన నన్ను వంక పక్కనున్న మూడెకరాల చేనికి పిల్చుకుపోయాడు. పేరుకే అది చేను. బోరు ఎండిపోయాక నాలుగేళ్లు బీడు పెట్టాం. ఇప్పుడక్కడ మనిషి దూరడానికి సందు లేకుండా కంప లేచింది. "నువ్వు చెట్ల చదువే చదువుతాండావు గదరా, దీనికేం మందో చెప్పు" అన్నాడు. ప్రోసోపిస్ జూలిఫ్లోరా అని దాని శాస్త్రీయ నామం మాత్రం నాకు తెలుసు. ఆ పేరు అప్పజెప్పి తండ్రి ముందు తలెత్తుకోగలనా? అప్పటినుంచి చదివింది, చూసింది, నాకు తోచింది ఇక్కడ మిత్రులకు చెప్పుకుంటున్నాను.

ఈ చెట్టు మనది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని మెట్ట నేలలు. 1877లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి మా కడప జిల్లాలో, కమలాపురం ప్రాంతంలో వేయించారు. పేదల పొయ్యిలోకి కట్టె, బంజరుకు పచ్చదనం కావాలన్న ఉద్దేశం మంచిదే. సర్కారు తెచ్చింది కాబట్టే సర్కారు తుమ్మ అయిందని మా పెద్దలంటారు. 1961లో గుజరాత్‌లోని బన్ని గడ్డిబీళ్ల దగ్గర కూడా ఉప్పుటెడారి ముందుకు రాకుండా అటవీ శాఖ దీన్నే నాటించింది. తర్వాత అది బీళ్లలోకే పాకి, పశువుల కాపరులకు గడ్డి కరువు చేసింది.

ఇంతగా ఎలా పాకుతుంది? దీని కాయ తియ్యన. మేకలు, గొర్రెలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న గింజ కడుపులో అరక్కుండా పేడతో పాటు బయటపడుతుంది. అంటే గింజకు మోత, ఎరువు రెండూ ఉచితం! ఆకును మాత్రం పశువు ముట్టదు. రాలిన ఆకు పక్కన వేరే మొలకల్ని సరిగా లేవనివ్వదు. మొదలు నరికితే చావదు. భూమిలోపల, వేరు తలకట్టులో ఉండే మొగ్గలు ఒకటికి పది కొమ్మలై లేస్తాయి.

మా నాయన చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. రెండేళ్ల కిందట అప్పు చేసి, కూలోళ్లను పెట్టి గొడ్డళ్లతో కొట్టించాడు. కట్టె అమ్మిన డబ్బు కూలికి కూడా చాలలేదు. ఒక్క వానకు కంప మళ్లీ లేచింది. అప్పు మాత్రం అట్లే ఉంది.

అలాగని అబద్ధాలు చెప్పి చెట్టును తిట్టడం మనకు తగదు. ఇది ప్రాణవాయువు వదలదనీ, గాలిలో తేమ పీల్చి వానల్ని ఆపుతుందనీ ఫోన్లలో తిరుగుతోంది. పచ్చని ఆకున్న ఏ చెట్టయినా ఎండలో ప్రాణవాయువు వదులుతుందని హైస్కూలు పిల్లవాడికీ తెలుసు. వేళ్లు చాలా లోతుకు పోయి భూగర్భజలాన్ని తాగుతాయన్నది మాత్రం నిజం. ఆ నిజం చాలు, కల్పనలు ఎందుకు?

ఇంకో సంగతి. మా ఊళ్లో సెంటు భూమి లేని నాలుగైదు కుటుంబాలు ఈ కంపను కాల్చి బొగ్గు చేసుకుని బతుకుతున్నాయి. మా జేజి పొయ్యిలో మండేదీ ఇదే. "సమూలంగా నిర్మూలించాలి" అని వేదికలెక్కే మన మిత్రులు ఆ పొయ్యిల సంగతి కూడా ఆలోచించాలి.

నా మనవి ఇది. అన్ని చోట్లా ఒక్కసారిగా పీకలేం. చెరువులు, కాలువలు, సాగుచేలు, మేతబీళ్లు ముందు చూసుకోవాలి. తొలకరిలో, నేల మెత్తగా ఉన్నప్పుడు, కాయ పట్టకముందే లేత మొక్కల్ని వేళ్లతో లాగెయ్యాలి. పెద్దవాటిని జానెడుకు పైగా తవ్వి వేరు తలకట్టుతో సహా తియ్యాలి. ఆ కట్టె బొగ్గు కాల్చేవాళ్లకే ఇవ్వాలి. తీసిన నేలను ఖాళీగా ఉంచకుండా జొన్నో, గడ్డో, కానుగో వెయ్యాలి. గింజ మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది గనక ఏటేటా తిరిగి చూసుకోవాలి.

ఇదంతా ఒక్క సన్నకారు రైతు రెక్కలతో అయ్యే పనేనా? కెన్యాలో బరింగో ప్రాంతపు జనం ఈ చెట్టు తెచ్చిన సర్కారుపై దావా వేసి, 2006లో దీని కాయలు తిని పళ్లు ఊడిన మేకను కోర్టుకే తీసుకొచ్చారు. మన మేకను మనం కోర్టుకు తోలకపోయినా, ఊళ్లల్లో కూలి పనులు పెట్టేటప్పుడు ఈ తవ్వకాన్నీ చేర్చమని అడగొచ్చు. తెచ్చింది సర్కారైతే తవ్వే కూలిలోనూ సర్కారుకు వాటా ఉండాలి.

ఇవన్నీ చెబితే మా నాయన విని, "సరే, ఏటేటా చూసేదానికి మనిషుండాల గదా. నువ్వు తిరిగొస్తావా?" అన్నాడు. చేను అమ్మేద్దామని ఆయన మనసులో ఉందని అప్పుడర్థమైంది. కంప మా చేనును ఆక్రమించలేదు; మేం వదిలిపెట్టాం, అది వచ్చింది. చదువుకున్న కొడుకులంతా ఊరు విడిచిపోతే ఇంకెన్ని చేలు అట్లా అవుతాయో!

ఆయన ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర ఇంకా లేదు. వచ్చే తొలకరికి అరెకరం మాత్రం నేనే తవ్వుతానని మాటిచ్చాను. మిత్రులారా, మీ ఊళ్లోనూ ఇట్లాంటి అరెకరం ఒకటి ఉండే ఉంటుంది.