మిస్ హావిషామ్ గడియారం

చార్లెస్ డికెన్స్ 1860–61లో ధారావాహికగా ప్రకటించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవల ఎనిమిదవ అధ్యాయంలో ఒక వర్ణన ఉన్నది. పిప్ అనే బాలుడు మిస్ హావిషామ్ గదిలోనికి అడుగుపెడతాడు. గడియారం తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువ వద్ద ఆగి ఉంటుంది. వయసు మళ్ళిన ఆ స్త్రీ ఇంకా పెళ్ళిబట్టలలోనే ఉన్నది. ఒక కాలికే జోడు, రెండవది బల్లమీద. పెళ్ళికి ముస్తాబవుతుండగా, వరుడు వంచించిన సంగతి తెలిపే ఉత్తరం అందిన వేళ అది.

ఆ ఇంట కాలం స్తంభించిందనీ, రసం కరుణమనీ సాధారణంగా చెబుతారు. నా మటుకు నాకు అలా తోచదు. ఆగినది గడియారమే. తెల్లని పట్టు పసుపుబారింది. జోడు లేని కాలి మేజోడు నడిచి నడిచి పీలికలైంది. కాలం ఆగిన చోట మేజోడు అరుగుతుందా? ఆమె శోకం ఏనాడో క్రోధమైంది. ఆ క్రోధానికి ఆహుతి అయినది మాత్రం ఆమె ఒక్కతే కాదు, ఆ చీకటిలో పెరిగిన ఎస్టెల్లా. పురుషుల మనసులు విరవడం నేర్పి, ప్రేమించడం నేర్పక పెంచిన పిల్ల.

ఇక స్వవిషయం. నా గడియారం 1858 వద్ద, అంటే చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ వెలువడిన ఏట ఆగింది. గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) వాదం గెలిచి, పాఠ్యపుస్తకాలు వ్యావహారికంలోనికి వచ్చిన తరువాత కూడా నేను దానిని కదల్చలేదు. ఒక బాలిక తన వ్యాసంలో ‘బేగి’ అని రాసింది. ఎర్రసిరాతో కొట్టివేసి, తరగతిలో పైకి చదివి నవ్వించాను. అది ఆమె తల్లి మాట. ఇక్కడ మద్దిలపాలెం సంతలో నేటికీ వినబడే మాట. ఆ పిల్ల ఆ తరువాత వ్యాసమన్నది రాయలేదు.

సూరిగారి తప్పేమీ లేదు. పెళ్ళిచీర పాపం చేయలేదు. దానిని విడువకపోవడమే పాపం.

నవల చివరి భాగంలో మిస్ హావిషామ్ తాను చేసినదేమిటో గ్రహించి పిప్ పాదాల వద్ద మోకరిల్లుతుంది. ఆమెకు క్షమాపణ అడగడానికి ఒక మనిషి ఎదుట ఉన్నాడు. ఆ బాలిక ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు.