ఇంటిల్లిపాదికీ తెలిసిన తేదీ డాక్టరుకు ఎందుకు చెప్పం?



ఈసారి రాసేది కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. పెద్దలూ పిల్లలూ చదివే చోట ఈ సంగతి ఎందుకని అడిగేవారూ ఉంటారు. ఇక్కడ కాకపోతే మనవాళ్లు ఇంకెక్కడా మాట్లాడరు, అందుకే రాస్తున్నాం.

ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు పేరు చాలామంది వినే ఉంటారు. గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచికి బయట పెరగడం. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువగా అండాశయాల మీద, పొత్తికడుపులోనే ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం పొత్తికడుపు దాటి వేరే చోట కనబడుతుంది. సిజేరియన్ కుట్టు దగ్గర గడ్డగా, బొడ్డులో, పేగు మీద, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం మీద, ఊపిరితిత్తుల్లో కూడా. ఎక్కడున్నా అది నెలసరి హార్మోన్లకు స్పందిస్తుంది. ఆ రోజుల్లో వాస్తుంది, నొప్పి పుడుతుంది, రక్తం కారుతుంది.

చిక్కేమిటంటే, బాధ ఉన్న చోటును బట్టి మనం డాక్టరును వెతుక్కుంటాం. కుట్టు దగ్గర గడ్డ అయితే సర్జను దగ్గరికి, ఆయాసం అయితే ఛాతీ డాక్టరు దగ్గరికి, కుడి భుజం నొప్పి అయితే ఎముకల డాక్టరు దగ్గరికి. వాళ్లు నెలసరి గురించి అడగరు, మనం చెప్పం. కుట్టు దగ్గర గడ్డను దారం ముడి అనో, హెర్నియా అనో, చీము అనో అనుకుంటారు.

ఛాతీ సంగతి మన రాయగడ, కోరాపుట్ వాళ్లు ఇంకా జాగ్రత్తగా వినాలి. దగ్గులో రక్తం పడితే ఇక్కడ మొదట టీబీనే అనుమానిస్తారు. అనుమానించాలి కూడా. కఫం పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు టీబీ మందు మొదలుపెడితే ఆయన చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. కానీ కఫంలో ఏమీ దొరకక, రక్తం నెలసరి రోజుల్లోనే పడి తర్వాత ఆగిపోతూ ఉంటే, ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. అలాగే కొందరికి నెలసరి మొదలైన 72 గంటల లోపు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆయాసం వస్తుంది. ఎక్కువగా కుడివైపే. తగ్గి, మళ్లీ ఏదో ఒక నెల అదే రోజుల్లో వస్తుంది. తేదీ తెలిస్తే ఛాతీ సీటీ స్కాన్ ఆ రోజుల్లో ఒకసారి, తర్వాత ఒకసారి తీసి పోల్చి చూస్తారు. తేదీ తెలియకపోతే మామూలు రోజున తీసిన స్కాన్‌లో ఏమీ కనబడకపోవచ్చు.

మేము అడిగేది ఇదే. ఆ తేదీ మన ఇళ్లలో ఎవరికి తెలియదు? "బయట చేరింది" అంటే పక్కింటికి కూడా తెలుస్తుంది. మేము చదువుకున్నది తమిళ బడిలో, అక్కడ కూడా ఇదే మాట, "వీట్టుక్కు తూరం" అంటారు. తిరుపతి ప్రయాణానికి టికెట్లు తీసేముందు లెక్క చూస్తాం. వ్రతానికి, పెళ్లికి, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లడానికి కూడా చూస్తాం. దేవుడి కోసం ఇంత కచ్చితంగా గుర్తుపెట్టుకునే తేదీ డాక్టరు ముందు కూర్చోగానే సిగ్గు పడాల్సిన విషయం ఎందుకవుతుంది?

ఇక్కడ ఇంకో అడ్డం ఉంది. మన ఆడవాళ్లు చాలామంది తెలుగే మాట్లాడతారు, డాక్టరుగారు ఒడియా. మధ్యలో భర్తో, కొడుకో, మామగారో చెబుతారు. ఆమె చెప్పిన పది మాటల్లో తొమ్మిది దాటుతాయి, నెలసరి మాట ఒక్కటే ఆగిపోతుంది. ఒడియాలో "మాసిక" అంటే చాలు, డాక్టరుకు అర్థమవుతుంది. మగవాళ్లు ఆ మాట పలకడం నేర్చుకోవాలి. జూన్ నెలలో రజొ పండుగకు భూమితల్లికే నెలసరి అని మూడు రోజులు నాగలి ఆపి, ఊయలలు కట్టే రాష్ట్రంలో ఉంటున్నాం. మన పిల్లలూ ఆ ఊయలలు ఎక్కుతున్నారు, మనమూ పొడపిఠా తింటున్నాం. మాట చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ఇక సిజేరియన్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో కాన్పుల్లో 21.6 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. మన ఆడపిల్లలు, కోడళ్లు కాన్పులకు రెండు వైపులా వెళ్లేవాళ్లే. కుట్టులో ఈ గడ్డ రావడం అరుదే, భయపడనక్కరలేదు. కానీ ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా రావచ్చు కాబట్టి గుర్తుంచుకోవాలి. అల్ట్రాసౌండులో చూస్తారు, సూదితో పరీక్ష చేస్తారు, లోతు తెలియాలంటే ఎంఆర్‌ఐ తీస్తారు. మాత్రలతో నొప్పి తగ్గవచ్చు గాని గడ్డ సాధారణంగా పోదు. చుట్టూ కొంత మంచి కండతో కలిపి పూర్తిగా కోసి తీయాలి. అందుకు తగిన సర్జను కావాలి.

ఛాతీలో అయితే గాలి చేరినప్పుడు ముందు గొట్టం వేసి తీస్తారు. అవసరమైతే కెమెరాతో చిన్న రంధ్రాల ఆపరేషన్ చేస్తారు. మళ్లీ రాకుండా డైనోజెస్ట్ వంటి హార్మోన్ మాత్రలు గాని, ఇంజెక్షన్లు గాని ఇస్తారు. పిల్లలు కావాలనుకునేవారు ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ మందులు వాడుతుండగా గర్భం వచ్చే అవకాశం తక్కువ. ఛాతీ డాక్టరు, గైనకాలజిస్టు కలిసి చూడవలసిన జబ్బు ఇది. కోరాపుట్ మెడికల్ కాలేజీకో, బరంపురానికో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లినా రెండు విభాగాల చీటీలూ ఒకే ఫైల్లో పెట్టుకోండి. రైల్వే పెన్షనర్ కుటుంబాలు ఉమీద్ కార్డు వెంట పెట్టుకుని, ముందు రైల్వే డాక్టరు చేత రిఫరల్ రాయించుకోండి.

ఒక హెచ్చరిక. "గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయి" అనే సలహా మనవాళ్లలో చాలా సులువుగా ఇస్తారు. కుట్టులోనో ఛాతీలోనో పెరిగినది గర్భసంచి తీసినంత మాత్రాన పోదు. అండాశయాలు పనిచేస్తున్నంత కాలం బాధ కొనసాగవచ్చు. ఆ సలహా ఎవరిచ్చినా ఇంకో డాక్టరును అడగకుండా సంతకం పెట్టకండి.

ఇంట్లో చేయవలసింది చిన్న పని. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, నెలసరి మొదలైన రోజుకు ఒక గుర్తు, నొప్పి, రక్తం, ఆయాసం వచ్చిన రోజుకు ఇంకో గుర్తు పెట్టండి. మూడు నెలలు పెడితే చాలు. రెండు గుర్తులూ పక్కపక్కనే పడుతుంటే ఆ కాగితాలు డాక్టరు ముందు పెట్టండి. గుర్తులు కలవకపోయినా జబ్బు లేదని కాదు, కొందరికి రోజూ నొప్పే ఉంటుంది. ఆయాసం ఎక్కువగా ఉంటే మాత్రం క్యాలెండరు చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఈసారి వైద్య శిబిరం పెట్టినప్పుడు బీపీ, షుగరుతో పాటు గైనకాలజిస్టును కూడా పిలవండి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన ఒక ఆడమనిషిని ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. ఆమె ఉంటే మన ఆడవాళ్లు చెప్పుకుంటారు.