బాతెల్ సిటీ డబ్బుకు కాపలా ఎవరు?

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళని ఎక్కడ ఉంటున్నారని అడిగితే చాలామంది చెప్పే పేర్లలో బాతెల్ ఒకటి. నేనూ అదే చెప్పేవాణ్ణి. కిందటేడు మా ఉగాది కార్యక్రమానికి సిటీ నుంచి ఏమైనా ఆర్థిక సాయం దొరుకుతుందేమో కనుక్కునే పని నా నెత్తిన పడింది. ఆ కాగితాలు చదువుతుంటే ముందుగా తెలిసిన సంగతి ఏమిటంటే, మా అడ్రసులో బాతెల్ ఉంది గాని మా ఇల్లు బాతెల్ సిటీలో లేదు! 98012 జిప్ కోడ్‌లో చాలా భాగం ఏ సిటీకీ చెందని స్నోహోమిష్ కౌంటీ ప్రాంతం. పోస్టాఫీసు లెక్కలో మేము బాతెల్ వాళ్ళం, ఓటు లెక్కలో కాదు. మా వీధికి వచ్చేది బాతెల్ పోలీసు కాదు, కౌంటీ షెరిఫ్. మీరు కూడా ఒకసారి మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూసుకోండి.

ఆ కాగితాలతో మొదలైన చదువు ఉగాదితో ఆగలేదు. సిటీ కౌన్సిల్ కళలకు ఇచ్చే డబ్బును ఎలా చూస్తుంది, పోలీసు, ఫైరు, 911 లాంటి భద్రత పనుల ఒప్పందాలను ఎలా చూస్తుంది అనే రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. చిన్న మొత్తానికి గట్టి కాపలా ఉంది. పెద్ద మొత్తం మాత్రం చాలాసార్లు ఎవరూ మాట్లాడకుండానే గేటు దాటిపోతోంది.

మన ఊళ్ళ అలవాటుతో చూస్తే ఇది వెంటనే బుర్రకెక్కదు. హైదరాబాదులో మేయరుగారికి పోలీసులతో సంబంధం లేదు, వాళ్ళు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. రవీంద్రభారతి కూడా రాష్ట్రానిదే. మునిసిపాలిటీ అంటే మనకు చెత్త, మురికికాలవ, ఇంటిపన్ను. ఇక్కడ అలా కాదు. బాతెల్‌కు సొంత పోలీసు విభాగం, సొంత ఫైర్ డిపార్ట్‌మెంటు ఉన్నాయి. ఎన్నికైన ఏడుగురు కౌన్సిల్ సభ్యులు తమలోంచే ఒకరిని మేయరుగా ఎన్నుకుంటారు. రోజువారీ పరిపాలన సిటీ మేనేజరుది. సియాటిల్‌లో లాగా విషయానికో కమిటీ వేసుకుని పనిచేసే కౌన్సిల్ కాదిది. పెద్ద సంగతులు ఏడుగురూ కలిసి స్టడీ సెషన్‌లో చర్చిస్తారు, కొన్ని విషయాలకు పౌరులతో సలహా బోర్డులు ఉంటాయి.

ముందు కళల సంగతి. ఉత్సవాలకు, పర్యాటకానికి సిటీలు ఇచ్చే డబ్బులో ముఖ్యమైనది హోటల్ గదుల మీద వేసే లాడ్జింగ్ టాక్స్. దీనికి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం కట్టిన కట్టుబాట్లు చూస్తే, మా ఆఫీసులో సెక్యూరిటీ రివ్యూ కూడా అంత గట్టిగా ఉండదనిపించింది. 5,000 జనాభా దాటిన సిటీ ఏదైనా ఈ పన్ను వేస్తే, కనీసం 5 మందితో ఒక సలహా కమిటీ ఉండాలి. అందులో పన్ను వసూలు చేసే హోటళ్ళ తరఫున కనీసం ఇద్దరు, ఆ డబ్బు అందుకోగలిగిన కార్యక్రమాల తరఫున కనీసం ఇద్దరు. అధ్యక్షత వహించేది ఎన్నికైన కౌన్సిల్ సభ్యుడు. ఇదంతా ఒక ఎత్తు, 2013లో వచ్చిన సవరణ ఒక ఎత్తు. కమిటీ పంపిన జాబితాలో ఉన్నవాళ్ళలోంచే కౌన్సిల్ ఎంచుకోవాలి. జాబితాలో లేనివాళ్ళకు ఒక్క డాలరు ఇవ్వడానికి వీల్లేదు.

దరఖాస్తు పెట్టేవాళ్ళు మీ కార్యక్రమానికి డబ్బు కట్టి బస చేసేవాళ్ళు ఎంతమంది వస్తారు, 50 మైళ్ళు, అంతకన్నా దూరం నుంచి ఎంతమంది, వేరే రాష్ట్రం లేదా దేశం నుంచి ఎంతమంది అని ముందుగా అంచనా ఇవ్వాలి. అయిపోయాక నిజంగా ఎంతమంది వచ్చారో లెక్క చెప్పాలి. ఇక్కడే మా ఉగాది బోల్తా పడింది. పోర్ట్‌లాండ్ నుంచి వచ్చే మామయ్య హోటల్లో దిగుతాడా? మన ఇంట్లో దిగుతాడు, పైగా పులిహోర గిన్నె తెస్తాడు. హోటల్ గదులు నిండని పండుగకు హోటల్ పన్ను ఇవ్వమని అడగడం కష్టమే. ఆ నియమం అన్యాయం అని నేను అనను, కానీ అది కళను కొలిచే కొల మాత్రం కాదు.

ఇంకో చిక్కు కౌంటీ గీత. బాతెల్ సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్‌లో ఉందని అందరికీ తెలుసు, దాని ఫలితం కొద్దిమందికే తెలుసు. 2023 డిసెంబరులో కింగ్ కౌంటీ కౌన్సిల్ డోర్స్ ఓపెన్ పేరుతో కళలు, సైన్స్, వారసత్వ సంస్థల కోసం 0.1 శాతం అమ్మకపు పన్ను ఆమోదించింది. ఇలాంటి ప్రతిపాదననే 2017లో ఓటర్లు తిరస్కరించారు. తరవాత చట్టం మారి, ఓటింగ్ లేకుండా కౌన్సిలే వేసుకునే వీలు వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి వసూలు మొదలైంది, పంచేది ఫోర్‌కల్చర్ అనే సంస్థ. బాతెల్‌లో గీతకు దక్షిణాన కాఫీ తాగితే ఈ పన్ను కడతారు, ఉత్తరాన తాగితే కట్టరు. డబ్బు కూడా అలాగే గీత దగ్గర ఆగుతుంది. మన కూచిపూడి గురువుగారి క్లాసు ఏ వైపు ఉందన్నది ఇప్పుడు చిన్న ప్రశ్న కాదు.

ఇక భద్రత. ఎక్కువ సిటీల్లో లాగే ఇక్కడా జనరల్ ఫండ్‌లో పెద్ద వాటా పోలీసు, ఫైరు విభాగాలదే. ఆస్తిపన్ను ఆదాయాన్ని ఓటర్లను అడగకుండా ఏడాదికి 1 శాతం మించి పెంచకూడదని 2001లో ఒక ఇనీషియేటివ్ వచ్చింది. కోర్టు దాన్ని 2007లో కొట్టేస్తే, అదే ఏడాది శాసనసభ ఆ పరిమితిని మళ్ళీ తెచ్చింది. జీతాలు, ఇన్సూరెన్సు 1 శాతంతో ఆగవు కదా. అందుకే 2018 నవంబరులో బాతెల్ భద్రత లెవీ కోసం, రెండు ఫైర్ స్టేషన్లను తిరిగి కట్టే బాండు కోసం ఓటర్ల దగ్గరకు వెళ్ళింది. మరో దారి పొరుగు సిటీలతో కలిసి ఖర్చు పంచుకోవడం. 2009లో పని మొదలుపెట్టిన నార్‌కామ్ అనే ఉమ్మడి 911 కేంద్రంలో బాతెల్ వ్యవస్థాపక సభ్యురాలు. మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ళ దగ్గరకు పోలీసులతో పాటు, లేదా వాళ్ళకు బదులుగా, శిక్షణ పొందిన నిపుణుల్ని పంపే ప్రాంతీయ సంస్థను బాతెల్, కెన్‌మోర్, కర్క్‌లాండ్, లేక్ ఫారెస్ట్ పార్క్, షోర్‌లైన్ కలిసి నడుపుతున్నాయి.

ఇవి మంచి పనులే. చిక్కు కాపలాలో ఉంది. ఇలాంటి ఉమ్మడి సంస్థల బోర్డుల్లో చాలావరకు కూర్చునేది అధికారులు, మనం ఓటు వేసిన సభ్యులు కాదు. ఒప్పందం, దాని పొడిగింపు కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు తరచుగా కన్సెంట్ అజెండాలో వస్తాయి. అంటే గత సమావేశం మినిట్స్, చెల్లింపుల పట్టిక, రోడ్డు మరమ్మతు బిల్లు, భద్రత ఒప్పందం అన్నీ ఒక్క ఓటుతో పాస్. ఏ సభ్యుడైనా ఒక అంశాన్ని విడిగా తీయమని అడగొచ్చు. అడిగే కారణం కనబడకపోతే ఎవరూ అడగరు.

ఇది మనకెందుకు అంటే రెడ్‌మండ్ చూడండి. ఫ్లాక్ కంపెనీ కెమెరాలు దారిన పోయే ప్రతి కారు నంబరు ప్లేటును, చోటును, సమయాన్ని నమోదు చేస్తాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కొన్ని పోలీసు విభాగాల సమాచారం ఫెడరల్ ఇమిగ్రేషన్ అధికారులకు అందుబాటులోకి వెళ్ళిందని 2025 అక్టోబరులో వాషింగ్టన్ యూనివర్సిటీ మానవ హక్కుల కేంద్రం నివేదిక ఇచ్చింది. కొన్ని విభాగాలు తెలిసే పంచుకున్నాయి, కొన్నిటికి తమ తలుపు తెరిచి ఉందనే తెలిసినట్టు లేదు. ఇమిగ్రేషన్ పనుల్లో స్థానిక పోలీసులు చేయి కలపడాన్ని పరిమితం చేసే రాష్ట్ర చట్టం 2019 నుంచీ ఉంది, అయినా ఇదీ పరిస్థితి. నవంబరులో రెడ్‌మండ్ తన కెమెరాలను ఆపేసింది. రెడ్‌మండ్ సమాచారమే అలా వెళ్ళిందని నేను అనడం లేదు. ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు తోచేది ఇది: డిఫాల్ట్ సెట్టింగ్ ఏమిటి, ఎవరికి యాక్సెస్ ఉంది, ఎన్ని రోజులు దాచుతారు, లాగ్ ఎవరు చూస్తారు అనే నాలుగు ప్రశ్నలు సంతకానికి ముందు అడగాల్సినవి. హోటల్ పన్ను తీసుకునే నాట్య ప్రదర్శనను ఎంతమంది రాత్రి బస చేశారని అడిగే వ్యవస్థ, కెమెరాల కంపెనీని అంత వివరంగా అడగాలని ఏ చట్టమూ అప్పటికి నిర్బంధించలేదు.

కెమెరాలు అక్కర్లేదని నా వాదన కాదు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకూ తెలుసు, పక్కింట్లో దొంగతనం జరిగితే ఆ కారు నంబరు దొరకాలనే నేనూ కోరుకుంటాను. హైదరాబాదులో నేను సైతం పథకం కింద కాలనీవాళ్ళు చందాలు వేసుకుని మరీ కెమెరాలు పెట్టించారు. కానీ గ్రీన్ కార్డు వరసలో పదేళ్ళుగా నిలబడ్డవాడికి, వీసా పొడిగింపు కాగితం కోసం ఎదురుచూస్తున్న అమ్మానాన్నలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగేవాడికి, ఆ లాగ్ ఎక్కడికి పోతుందో పట్టింపు ఉంటుంది.

మనవాళ్ళు సిటీ హాలుకు వెళ్ళరని కాదు. దీపావళి ప్రొక్లమేషన్‌కు పట్టుచీరల్లో వెళ్తాం, ఫోటో దిగుతాం, అసలు అజెండా మొదలయ్యేసరికి పార్కింగ్ లాట్‌లో ఉంటాం. నేనూ అలా వచ్చేసినవాణ్ణే. ఓటుకు పౌరసత్వం కావాలి గాని మాట్లాడడానికి అక్కర్లేదు. తుది నిర్ణయం జరిగే ప్రతి రెగ్యులర్ సమావేశంలో గాని, దానికి ముందు గాని ప్రజల అభిప్రాయం తీసుకోవాలని 2022లో చట్టం సవరించారు. ఊరికే వచ్చి కూర్చుని వినడానికైతే పేరు చెప్పాలనే షరతు కూడా పెట్టకూడదు. మా స్నేహితుడొకడు "హెచ్1 మీద ఉన్నాం, మనకెందుకొచ్చిన గొడవరా" అన్నాడు. వాడి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, పైగా కౌన్సిల్‌కు రాసే ఈమెయిల్ కూడా పబ్లిక్ రికార్డే. అలాంటప్పుడు సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు నోరు విప్పాలి. సంఘం తరఫున ఒకరు మంగళవారం సమావేశానికి ముందు అజెండా కాగితాలు తెరిచి, కన్సెంట్ జాబితాలో భద్రత ఒప్పందం ఉంటే దాన్ని విడిగా చర్చించమని ఒక సభ్యుడికి రెండు లైన్లు రాసినా చాలు.

బాతెల్ సిటీలో ఉన్నవాళ్ళకు ఇది సాయంత్రం పని. మా 98012 వాళ్ళ సంగతి వేరు. మా షెరిఫ్ బడ్జెట్ చూసేది ఎవరెట్‌లో కూర్చునే ఐదుగురు సభ్యుల స్నోహోమిష్ కౌంటీ కౌన్సిల్. వాళ్ళు ఓట్లు వేసే సమావేశం బుధవారం ఉదయం 9 గంటలకు, సరిగ్గా మా టీమ్ స్టాండప్ వేళకు. వచ్చే బుధవారానికి మేనేజరును అడిగి పెట్టాను.