గంజాయి కేసుల్లో చిక్కేది మోతగాడే

పాడేరు: గంజాయి మూట మోస్తూ పట్టుబడినవాడికీ, ఆ సరకుకు పెట్టుబడి పెట్టిన షావుకారుకూ చట్టంలో శిక్ష ఇంచుమించు ఒకటే. అయితే దారిలో చిక్కేది మాత్రం మోతగాడే. ఏజన్సీలోని బీద కుటుంబాలకు ఇదే ప్రాణసంకటమయింది.

మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. శిక్షను సరకు తూకంతో ముడిపెడుతూ 2001లో సవరించారు. గంజాయి కిలో లోపయితే ఏడాది వరకు జైలు. కిలో దాటి 20 కిలోల వరకు పదేళ్ళదాకా పడవచ్చు. 20 కిలోలు దాటితే శిక్ష 10 ఏళ్ళకు తగ్గదు, 20 ఏళ్ళ వరకు పోవచ్చు. లక్ష రూపాయలకు తగ్గని జరిమానా అదనం. బెయిలు దొరకడమూ కష్టమే. కూలి డబ్బులకు మూట ఎత్తే కుర్రవాడికి ఈ 20 కిలోల లెక్క చెప్పేవారెవరు?

2021 చివరలో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట పోలీసులు మన్యంలో 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలను నాశనం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. గంజాయిని అరికట్టేందుకు 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. అయినప్పటికీ ఒడిశా కొండల నుంచి ఇటుగా రవాణా ఆగిపోలేదు.

కారణం తెలియనిది కాదు. గంజాయికి షావుకారు ముందే డబ్బు ఇస్తాడు, సరకు తానే ఎత్తించుకుపోతాడు. కాఫీ మొక్క నాటితే కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. పసుపు, రాజ్‌మా పండించినా సంతకు చేర్చే భారం రైతుదే. తోట నరికిన చోట ఆ మధ్యకాలం గడిచే దారి చూపకపోతే షావుకారు మళ్ళీ గుమ్మం తొక్కుతాడు.

చట్టానికి కోరలు లేకపోలేదు. పెట్టుబడిదారుకు 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష, అక్రమార్జన జప్తు 1989లోనే చట్టంలో చేరాయి. దర్యాప్తు మోతగాడి దగ్గర ఆగిపోకుండా డబ్బు వచ్చిన దారి పట్టుకుపోతేనే వాటికి పదును.

గంజాయి సాగుకు అనుమతి వస్తుందన్న మాటలు నమ్మి మోసపోరాదు. ఉత్తరాఖండ్‌లో 2018లో ఇచ్చిన అనుమతి నార కోసం పెంచే, మత్తు బహు తక్కువ గల రకానికే. తన భూమిలో ఇతరులు గంజాయి వేశారని తెలిసీ అధికారులకు చెప్పకపోతే భూమిగల రైతు కూడా చట్టం ముందు నిలబడవలసి వస్తుంది. ఈ సంగతులు ఊరూరా గిరిజనుల భాషల్లో చాటింపు వేయించడం కేసులు పెట్టడమంత అవసరం.