ఇంటి ముచ్చట్లు: సముద్రము చూచి రావాలంటే

సెలవులు దగ్గరపడగానే మన సంఘపు సభ్యుల ఇళ్ళలో ఒకే ప్రశ్న పుడుతూ ఉంటుంది. పిల్లలను ఎక్కడికి తీసుకొని పోవడము? నందికొండ చూచినారు. లేపాక్షి చూచినారు. కైవారము ఏటా చూస్తూనే ఉన్నారు. ఇక మిగిలినది సముద్రము. బాగేపల్లిలో పుట్టి పెరిగి, అరవై యేండ్లు దాటినా సముద్రము చూడనివారు మన వీధులలో ఇప్పటికీ ఉన్నారంటే చదువరులు ఆశ్చర్యపడరనుకుంటాము. మన మాట తెలుగే గాని మన నేల మిట్ట నేల. ఆంధ్ర సరిహద్దు మన గడపలోనే ఉన్నది. ఆంధ్ర సముద్రము మాత్రము మూడువందల కిలోమీటర్లకు పైన ఉన్నది.

ఈ మారు మా ఇంటిలో ఆ ప్రశ్న పిల్లలు అడుగలేదు, అవ్వ అడిగినది. "మన చిత్రావతి నీళ్ళు యాడికి పోతాయిరా?" అన్నది. మేము భూగోళము చదువుకున్నవారము గనుక ఠక్కున చెప్పినాము. చిత్రావతి నంది ప్రాంతపు కొండలలో పుట్టి, మన ఊరి పక్కగా పోయి, పుట్టపర్తి, ధర్మవరము దాటి, కడప జిల్లాలో పెన్నను కలుస్తుంది. పెన్న కూడా మన నంది దగ్గర పుట్టినదే. అది గౌరిబిదనూరు, హిందూపురము మీదుగా వేరే దారిని పోయి, చెల్లెలిని కలుపుకొని, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రములో పడుతుంది.

"అయితే అదే చూపించండి" అన్నది అవ్వ.

మా అబ్బాయి గోవా అన్నాడు. కోడలు విశాఖపట్నమన్నది. కోడలి మాటలో న్యాయము లేకపోలేదు. విశాఖలో కొండా సముద్రమూ ఒకచోటనే ఉన్నవి. 2001లో కొలువు నుండి విశ్రాంతి పొందిన కుర్సురా జలాంతర్గామి ఒడ్డున ఇసుక మీద ఉన్నది. పిల్లలు దాని కడుపులో దూరి ఈ కొసనుండి ఆ కొసకు నడచి రావచ్చును. కాస్త ఉత్తరముగా భీమునిపట్నములో డచ్చివారి పాత సమాధులు, గోస్తని సముద్రములో కలిసేచోటు చూడదగినవి. మనకు రైలు లేదు గాని హిందూపురములో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటికి విశాఖలో దిగవచ్చును. నడుము గట్టిగా ఉన్నవారికి అది మంచి ప్రయాణమే. ఎనభై యేండ్ల మనిషిని అంతసేపు రైలులో కూర్చోబెట్టడానికి మాకు ధైర్యము చాలలేదు.

కాకినాడ వైపు పోయేవారు కాజాతో సరిపెట్టుకొని రావద్దు. పక్కనే కోరింగ మడ అడవి ఉన్నది. కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు; 1839 తుపానుతో దాని వైభవము పోయినది. బందరు పోయేవారు మంగినపూడి సముద్రమూ, పెడనలో కలంకారీ అద్దకమూ ఒక్క రోజులోనే చూడవచ్చును. పక్షులంటే ఇష్టమున్న పిల్లలుంటే చలికాలములో సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టుకు, పులికాటు సరస్సుకు తీసుకొని పొండి. గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను సాకడము చూస్తే పెద్దలకే కదలబుద్ధి కాదు.

ఎక్కడికి పోవలెనన్నదానికంటె ఎప్పుడు పోవలెనన్నదే పెద్ద చిక్కు. మనకు పెద్ద సెలవులు ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. అప్పుడు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో 45 డిగ్రీలను అంటే రోజులుంటాయి. మిట్ట మీది చల్లని గాలికి అలవాటుపడిన మన ఒళ్ళు ఆ వడగాలికి ఆగదు. పోనీ దసరా సెలవులకంటే అది తుపానుల కాలము. విశాఖ మీద హుద్‌హుద్ పడినది 2014 అక్టోబరు 12న. దివిసీమను ఉప్పెన ముంచినది 1977 నవంబరు 19న. సముద్రము మంచిగా ఉండే జనవరి, ఫిబ్రవరులలో మన బడులకు సెలవు లేదు. మేము సంక్రాంతికి అటు ఒకరోజు, ఇటు ఒకరోజు అతికించుకొని బయలుదేరినాము. పిల్లల బడికి వ్రాసిన సెలవు చీటీలో జ్వరమని వ్రాయక, సముద్రము చూడ్డానికని ఉన్నమాటే వ్రాసినాము. ఎవరూ ఏమీ అనలేదు.

తెల్లవారుజామున కారు కట్టించుకొని చింతామణి, మదనపల్లె, తిరుపతి మీదుగా నెల్లూరు చేరేసరికి పొద్దు పడమట వాలినది. మరునాడు ఉదయము మైపాడు పోయినాము. నెల్లూరికి దగ్గర, రోడ్డు బాగున్నది, చీకటిపడకముందే తిరిగి రావచ్చును. ఇవీ మా లెక్కలు. కారు దిగిన అవ్వ అలలను చూచి ఒక గడియసేపు మాటాడలేదు. తరువాత "ఇదేనా మన చిత్రావతి పడేచోటు?" అన్నది. మేము "ఇదే అవ్వా" అన్నాము.

చెప్పక తప్పదు, అది అబద్ధము. పెన్న పడేచోటు అక్కడికి ఉత్తరముగా ఉన్నది. ముసలిమనిషికి ఇదైతేనేమి, అదైతేనేమి అనుకున్నాము. అంతలో అవ్వ పోయి, వల బాగుచేసుకుంటున్న వారి దగ్గర కూర్చున్నది. తెలుగుతో తెలుగు కలిసింది. వారి మాట తీరు ఈమెకు వింత, ఈమె మాట తీరు వారికి వింత. పది నిమిషాల తరువాత తిరిగి వచ్చి, "ఏరు ఇక్కడ పడదంట, ఊటుకూరు కాడ పడతాదంట" అన్నది. కోపపడి ఉంటే బాగుండేది. కారులో కూర్చొని మరి మాటాడలేదు. ఆ రాత్రి అన్నము కూడా సగమే తిన్నది.

ఇంతలో ఒక మాట, పిల్లలున్నవారి కోసము. మన పిల్లలకు బావి ఈత, చెరువు ఈత వచ్చును గనుక భయము తక్కువ. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగిపోయేటప్పుడు ఒక సందు చేసుకొని బలముగా లోపలికి లాగుతుంది. అక్కడ అల విరగదు, నీరు నిమ్మళముగా కనబడుతుంది. తెలియనివారు అక్కడే దిగుతారు. లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదరాదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ పట్టు వదిలిన తరువాత గట్టుకు రావలెను. ఎక్కడ దిగవచ్చునో అక్కడి బెస్తవారిని అడగండి. మా అబ్బాయిని మోకాలిలోతు దాటనివ్వలేదని ఇప్పటికీ మా మీద అలుక ఉన్నది, ఉండనిమ్మన్నాము.

మరునాడు తిరుగు ప్రయాణము మానుకొని పెన్న వంతెన దాటి కోవూరు, విడవలూరు మీదుగా ఊటుకూరు వైపు పోయినాము. రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు. చివర ఇసుకలో కారు సాగలేదు. అవ్వను చెరొక చేయి పట్టుకొని నడిపించినాము. మధ్యలో రెండుసార్లు కూర్చున్నది. వెనక్కి పోదామని మాత్రము అనలేదు.

అక్కడ ఏరు విశాలముగా, నిదానముగా ఉన్నది. అవ్వ వంగి నీళ్ళు నోట పోసుకొని ఉమ్మినది. "ఇంత దూరమొచ్చి ఉప్పగయిపోయినాయే" అన్నది. ఇవి నిజముగా మన నీళ్ళేనా అని అడిగినది. ఈసారి మేము ఉన్నది చెప్పినాము. మన పరగోడు కట్ట, బుక్కపట్నము చెరువు, ధర్మవరము చెరువు, పార్నపల్లె జలాశయము, తరువాత పెన్న మీద గండికోట, సోమశిల. ఇన్ని గడపలు దాటవలెను, అదిగాక మన ఏరు చాలా యేండ్లు ఎండియే ఉంటుంది. 2021 నవంబరులో మాత్రము చిత్రావతీ పెన్నా రెండూ పొంగినాయి. ఆ వరదకు నెల్లూరు దగ్గర రైలు మార్గమూ పెద్ద రాదారీ తెగినాయి. ఆ యేడు మన నీరు తప్పక ఇక్కడికి వచ్చి ఉండునన్నాము.

"ఆ యేడు మన కాడ కూడా ఏరు పారినాది, నేను చూసినా" అన్నది. కొంగులో నాలుగు గవ్వలు కట్టుకున్నది.

తిరిగి వచ్చేటప్పుడు చేలూరు దాటుతుండగా, నిద్రపోయిందనుకున్న అవ్వ కన్ను తెరచి, "పాపఘ్ని యాడికి పోతాదిరా?" అన్నది. అదీ పెన్నలోనే కలుస్తుందని చెప్పినాము. చెప్పి, ఇంటికి వచ్చిన తరువాత పటము తీసి మరొకసారి చూచుకున్నాము.